ఖాళీ కడుపు కొంగ

పీల్చాలి, వదలాలి, అంతే, మిగతాది నీళ్ళు చూసుకుంటాయి అన్నాడు నాన్న. పీలుస్తున్నాను, వదులుతున్నాను. వదిలినప్పుడల్లా బుడగలు చెవుల పక్కనుంచి గలగలమంటూ పైకి పరిగెడుతున్నాయి, సాయంత్రం బడి వదలగానే గేటు వైపు పరిగెత్తే ఒకటో తరగతి పిల్లల్లాగా. వైనతేయ ఇప్పుడు నా తల మీద ఉంది. ఈ మాట డైరీలో రాసుకోవాలి, ఇంటికి వెళ్ళేదాకా మరిచిపోకుండా ఉండాలి, ఏరు నా తల మీద ఉంది అని. పైన వెలుగు లేత కొబ్బరినీళ్ళ రంగులో ఉంది, నా చేతుల దగ్గర పాలు తక్కువైన టీ రంగులో ఉంది, కాళ్ళ కింద ఏ రంగూ లేదు. నాన్న చెయ్యి నా నడుం బెల్టుని వెనకనుంచి పట్టుకుని ఉంది, కనపడదు కానీ ఉంది. నడుముకి కట్టిన తాడు పైకి పోయి పోయి పడవలో తాతయ్య చేతిలో ఆగుతుంది. ఒకసారి లాగితే బాగున్నావా అని, బాగుంటే నేనూ ఒకసారి లాగాలి. రెండుసార్లు లాగితే తాడు వదులు. మూడుసార్లయితే పైకి లాగెయ్యి. నాలుగుసార్లయితే గంట దొరికింది. నాలుగు ఇంతవరకు ఎవరూ లాగలేదు. నాన్న ఇరవై మూడుసార్లు దిగాడు, ఒక్కసారి కూడా లాగలేదు.

పోటుకి సముద్రం ఏట్లోకి ఎక్కుతుంది, పాటుకి దిగిపోతుంది, ఆ రెంటికీ మధ్య నీళ్ళు ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు కాసేపు నిలబడతాయి. అష్టమినాడు ఇంకాస్త ఎక్కువసేపు నిలబడతాయి. తాతయ్య ఆదివారాలకి చర్చి క్యాలెండరూ, ఏటికి తిథులూ చూసేవాడు, ఇప్పటికీ మా ఇంట్లో గోడకి రెండు క్యాలెండర్లు పక్కపక్కనే ఉంటాయి. ఇవాళ అష్టమి, రేపు మట్టలాదివారం, ఎల్లుండి నాన్న మస్కట్ వెళ్ళిపోతాడు. అక్కడ ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకే పని నాన్నది. పదకొండేళ్ళుగా నీళ్ళ కింద ఉద్యోగం, రెండేళ్ళకోసారి రెండు నెలలు నేల మీద సెలవు, ఈసారి ఆ రెండు నెలలూ కూడా నీళ్ళ కిందే గడిపేశాడు, ఎందుకంటే గంట. నీళ్ళు నిలబడే ఇవాళ్టి నలభై నిమిషాల్లో గంట దొరక్కపోతే ఇంక దిగేవాళ్ళు లేరు. దొరక్కపోతే సోమవారం వెల్డింగు షాపు శివాజీ గారు రేకు ముక్క తెచ్చి నా ఇనుప కొంగ కడుపు మూసేసి వెల్డింగు పెట్టేస్తారు. తాతయ్యకీ నాకూ మధ్య ఒప్పందం అది. నేను తలూపాను. నేను దేనికైనా తలే ఊపుతాను.

చెవులు బిగుసుకున్నాయి. ముక్కు పట్టుకుని లోపలికి ఊదాను, టప్‌మని తెరుచుకున్నాయి, అమ్మ కుక్కరు మూత తీసినట్టు. అమ్మ ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటుంది, అంగన్‌వాడీకి ఇవాళ సెలవు పెట్టింది. పక్కన మామ్మ ఉంటుంది, నోరు మూసుకుని మాత్రం ఉండదు. ఇక్కడ ఏమీ వినపడదు. వినపడదు అని కాదు, నా ఊపిరి ఒక్కటే వినపడుతుంది, అది ఎవరో నా పక్కన పడుకుని హాయిగా నిద్రపోతున్నట్టు ఉంటుంది. మాట్లాడాల్సిన పని లేని చోటు ఒకటి ఉందని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. బడిలో హాజరు పిలిచినప్పుడు శారోన్ అంటే ఎస్ సార్ అనడానికి నాకు గొంతులో ఒక మెట్టు ఎక్కినంత పని అవుతుంది, ఇంటర్లో చేరాక రెండు మెట్లు. ఇక్కడ నోట్లో గాలి అందించే రెగ్యులేటరు పెట్టుకుని ఉండాలి, మాట్లాడితే ప్రాణానికే ముప్పు అని నాన్న చెప్పాడు. ఆ మాట విన్నప్పుడే నేను స్కూబాకి పడిపోయాను.

అల్లవరంలో మా అత్త వాళ్ళ చేపల చెరువులో నేర్పించాడు, నెల రోజులు, నడుంలోతు నుంచి మొదలుపెట్టి. చేపలు వచ్చి నా మోచేతులు కొరుక్కు తినేవి. అత్త గట్టు మీద కూర్చుని, "ఒరేయ్ స్టీఫెనూ, మేత మానేసి మీ అమ్మాయిని తింటన్నాయిరా, రేటు తగ్గిపోద్ది" అనేది. నాన్న నవ్వేవాడు కాదు, నీళ్ళలో ఉన్నప్పుడు నవ్వడు, అక్కడ వేరే మనిషి, మెల్లగా ఉంటాడు, ప్రతి బకిల్ రెండుసార్లు చూస్తాడు. ఒకరోజు గట్టు మీద సిలిండర్ తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "గంట మునిగిన ఆ రోజు పడవలో ముందు లేచింది నేనేనమ్మా. ఏడేళ్ళు నాకు. ఒడ్డున అమ్మ కనపడింది, చెయ్యి ఊపుదామని లేచేను. నన్ను చూసి మిగతావోళ్ళు లేచేరు." సిలిండర్ తిరగేసి రెండోవైపు తుడిచాడు. "మా నాన్నకి తెలుసు. ఒక్కరికి కూడా చెప్పలేదు" అన్నాడు. నేను తువ్వాలు అందించాను.

తాతయ్య పేరు యేసురత్నం. ఊళ్ళో ఆ పేరుతో పిలిచేది పాస్టరుగారు ఒక్కరే, మిగతా అందరికీ గంటరత్నం. వంతెన రాకముందు ఈ రేవులో పడవ తాతయ్యది. ఎనభై ఆరులో, పెద్ద వరదకి ముందు, మట్టలాదివారానికి ముందు రోజు, అవతలి ఒడ్డునుంచి చర్చికి కొత్త గంట తెస్తున్నాడు, కంచు గంట, ఇద్దరు మనుషులు ఎత్తేంత. ఇటు ఒడ్డున ఊరంతా కొబ్బరి మట్టలు పట్టుకుని పాటలు పాడుతూ నిలబడింది. రేవు ఇంకా పది బారలుందనగా పడవలో వాళ్ళందరూ చేతులూపడానికి ఒకే పక్కకి లేచారు. పడవ ఒరిగింది, గంట దొర్లింది, పడవ అంచుకి తగిలి ఒకే ఒకసారి మోగిందంట, తరవాత గుబుక్‌మంది. మనుషులకి ఏమీ కాలేదు, అందరూ తడిసి నవ్వుకుంటూ ఒడ్డెక్కారు, ఎక్కాక వెనక్కి తిరిగి తాతయ్య వైపు చూశారు. లేచింది ఇరవై మంది, పేరు ఒక్కడికి మిగిలింది. మా చర్చిలో మొదటి గంటకి జనం తలలు దువ్వుకుంటారు, రెండో గంటకి లోపల ఉంటారు. ఆ ఏడాదంతా గంట లేదు, ఆలస్యంగా వచ్చిన ప్రతివాళ్ళూ యేసురత్నం వల్లే అనేవాళ్ళంట. తరవాత ఇంకో గంట కొన్నారు, అది పగిలింది, ఇప్పుడు మైకు. పోయిన నెల పాస్టరుగారు ఇంటికొచ్చి, "దొరికితే మీ కొంగకే పెట్టుకోమ్మా. మాకు మైకు సెట్టుంది, పొద్దున్నే దాని మీదే కంప్లైంట్లు వస్తన్నాయి" అన్నారు.

తాడు కదిలింది. ఒకసారి. బాగున్నావా. ఒకసారి లాగాను. బాగున్నాను తాతయ్యా. తాతయ్యకి ఎనభై రెండేళ్ళు, రెండు చెవులూ వినపడవు, అరచేత్తో వింటాడు. పడవ చెక్క మీద చెయ్యి వేసి ఇంజను ఎలా ఉందో చెప్పేస్తాడు. ఫోను రింగవుతుంటే జేబు మీద చెయ్యి వేసుకుని, ఇది మస్కట్ ఫోను అంటాడు, ఎలా తెలుస్తుందో మరి. మామ్మ వీపు మీద చెయ్యి ఉంచి దగ్గు ఏ పక్కన ఉందో చెప్తాడు. అందుకే తాడు తాతయ్యకి ఇచ్చాడు నాన్న. శివాజీ గారు పడవలో గెడ పట్టుకుని, "పెద్దాయనకి ఎందుకండీ ఈ వయసులో" అంటే, "మీకంటే బాగా వింటాడండీ" అన్నాడు. నిజమే, మాట్లాడలేని దాన్ని నేను, వినలేనివాడు తాతయ్య, మా ఇద్దరికీ ఈ తాడు అచ్చంగా సరిపోయింది.

మోకాలికి ఏదో తగిలింది. మెత్తగా, జుట్టులాగా. చెయ్యి పెట్టాను, చీపురుకట్ట తిరగేసి పాతినట్టు గుబురుగా వేళ్ళు. మునిగిపోయిన కొబ్బరి మొదలు, మేం వెతికే నాలుగింటిలో. ఒకటి. నాన్న చేతిని పట్టుకుని దాని మీద పెట్టి, ఒక వేలు నొక్కాను. ఒకటి. బెల్టు మీద చెయ్యి రెండుసార్లు తట్టింది, అంటే సరే అని, ముందుకి పద అని. పీలుస్తున్నాను, వదులుతున్నాను. నవ్వొస్తోంది, నవ్వితే మాస్కులోకి నీళ్ళొస్తాయి.

మొదటిరోజు నాన్న గంట బదులు గొడుగు తెచ్చాడు. గుడ్డ లేదు, ఊచలు మాత్రమే, తుప్పు పట్టిన సాలెగూడులాగా. రెండోరోజు ఇంకో గొడుగు. మొత్తం ఏడు గొడుగులు, నడి ఏట్లో గాలికి ఎవరి గొడుగూ నిలిచేది కాదంట. తాతయ్య వాటిని తిప్పి తిప్పి చూశాడు. "ఇది సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారిది. పిడి దగ్గర ఇత్తడి పొన్ను చూడు. ఎగిరిపోతే గాలిని వదిలేసి నన్ను తిట్టేరు." ఆ తరవాత క్యారేజీ గిన్నెలు, తాళంకప్పలు, కొడవళ్ళు, ఇత్తడి చెంబులు, ఒక హరికేన్ లాంతరు, నాలుగు కొక్కేల లంగరు, మూత లేని కలాలు, గోళీసోడా సీసా. ఏది పట్టుకున్నా తాతయ్యకి మనిషి గుర్తొచ్చేవాడు. ఫలానా ఆవిడ, పురిటికి పుట్టింటికి వెళ్తూ పడేసుకుంది, కూతురు పుట్టింది, ఆ కూతురే ఇప్పుడు ఫలానా చోట టీచరు. నేను డైరీలో రాసుకుంటూ పోయాను, ఎడమవైపు వస్తువు, కుడివైపు మనిషి. గంట పడిపోయిన రోజు నుంచి తాతయ్య రేవు గురించి మాట్లాడడం మానేశాడని మామ్మ చెప్పింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ మాటలన్నీ ఈ రెండు నెలల్లో నా డైరీలోకి వచ్చేశాయి, అది నిండిపోయి కొత్తది కొన్నాను.

క్యారేజీ కనకమ్మగారిది. ఆవిడ దారినపోతూ చూసి గుర్తుపట్టి లోపలికొచ్చేశారు. "నాదే ఇది. మా ఆయనకి చేలోకి పట్టుకెళ్తంటే జారిపోయింది. ఆ రోజు ఆనపకాయ కూర." మామ్మ కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే, "కూర అందులోనే ఉంది, వేడి చేసి పెట్టమంటావా" అంది. "ఉప్పు చూసి పెట్టు, ఆ రోజు ఎయ్యడం మర్చిపోయేను" అన్నారు కనకమ్మగారు. మరి తీసుకెళ్తారా అని నేను అడగాలి, అడగలేక గిన్నె ఆవిడ చేతికి ఇచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి, "నీ దగ్గరే ఉంచు, నా చేతిలోంచి మళ్ళీ జారిపోద్ది" అని ఇచ్చేశారు. ఆ గిన్నెలు ఇప్పుడు కొంగ రొమ్ము మీద పొలుసుల్లాగా ఉన్నాయి.

రెండో మొదలు. ఇది పక్కకి ఒరిగి ఉంది, వేళ్ళ మధ్య గుల్లలు, చెయ్యి గీసుకుంది, చురుక్కుమంది, పరవాలేదు. నాన్న చేతి మీద రెండు వేళ్ళు నొక్కాను.

కొంగ ఎలా అయింది. నేను కొంగని చేద్దామనుకోలేదు. చింతపండు పెట్టి ఇత్తడివి తోమి, కిరసనాయిలు పెట్టి ఇనుపవి తుడిచి, గోనెల మీద ఎండబెట్టేదాన్ని, పద్ధతేమీ లేదు. ఒకరోజు లంగరు తుడిచి బురదనేల మీద నిలబెట్టాను. మూడు కొక్కేలు ముందుకి, ఒకటి వెనక్కి. అది పాదం. వరిచేలో కొంగ అడుగు వేసి ఆలోచిస్తుందే, ఇంకో అడుగు వెయ్యాలా వద్దా అని, సరిగ్గా ఆ పాదం. ఒకసారి చూశాక ఇంక లంగరు కనపడడం మానేసింది. ఆ రోజంతా అన్నం తినలేదు, గొడుగు ఊచలన్నీ విప్పి నేల మీద పరిచాను, విప్పితే రెక్కలు, ముడిస్తే ముడుచుకున్న రెక్కలు. రెండు కొడవళ్ళు ఎదురెదురుగా పెడితే ముక్కు. గోళీసోడాలోని గోళీ కన్ను, ఆకుపచ్చగా, లోపల ఒక బుడగ. నేను ఒక్కదాన్నే పెరట్లో కూర్చుని నవ్వాను, మామ్మ కిటికీలోంచి చూసి, "దీనికి ఏదో పట్టిందే కోడలా" అంది.

శివాజీ గారి వెల్డింగు షాపు రోడ్డు మలుపులో ఉంది, గేట్లూ ట్రైలర్లూ చేస్తారు. బొమ్మ గీసి పట్టుకెళ్ళాను. ఆయన కాగితం తిరగేసి, మళ్ళీ తిరగేసి చూశారు. "ఏంటమ్మా ఇది, కొంగా, హెలికాప్టరా?" నేను రెక్క చూపించాను. "పాత ఇనుమండి, పైన తుప్పు రాలినా లోపల గట్టిగా ఉంది, అతుక్కుంటాది. కానీ నువ్వు నోటితో చెప్పాలమ్మా. నల్లద్దం పెట్టుకున్నాక నీ బొమ్మలూ నీ వేళ్ళూ నాకు కనపడవు." ఆయన అద్దం దించుకున్నారు, నిప్పురవ్వలు లేచాయి, మెడ వంకరగా పోతోంది, పడవ గొలుసుతో చేసిన మెడ, కొంగ కాస్తా బాతు అవుతోంది. ఎడమకి అన్నాను. ఆయనకి వినపడలేదు. "ఎడమకండీ" అన్నాను, షాపు బయట టీ తాగేవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆయన అద్దం ఎత్తి, "ఆయ్, చెప్పు మరి, ఎంత ఎడమకి" అన్నారు, ఏమీ జరగనట్టు. అలా పద్దెనిమిది రోజులు. నేను మాట్లాడిన మొత్తం మాటలు ఎడమకి, కుడికి, కిందికి, ఇంకొంచెం, చాలు. చాలు అన్న మాట ఎంత బాగుంటుందో. చాలండీ.

మూడోది దొరకడం లేదు. చేతులు చాపి ముందుకి తడుముకుంటూ పోతున్నాను, బురద వేళ్ళ మధ్యనుంచి పాలమీగడలాగా జారుతోంది. ఏదో గట్టిగా తగిలింది, ఎత్తి చూస్తే ప్లాస్టిక్ కుర్చీ చెయ్యి, కొత్తది, ఏ పెళ్ళిలోదో. వదిలేశాను. తాడు ఒకసారి లాగింది. ఒకసారి లాగాను. కుడికి తిరిగాను, ఉంది. మూడు.

ఒంటికాలి మీద నిలబడింది కొంగ, మా ఇంటి ముందు, నా కంటే ఒక జానెడు ఎత్తు. కడుపు దగ్గర మాత్రం రెండు ఇనుప కట్లు, మధ్యలో ఏమీ లేదు, అవతల మామ్మ ఆరేసిన చీర కనపడుతుంది. తాతయ్య చుట్టూ తిరిగాడు, ప్రతి వస్తువు మీదా చెయ్యి వేశాడు, ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ. ఖాళీ దగ్గరికొచ్చేసరికి ఆగాడు. "ఇక్కడేం పెడతావమ్మా?" నేను గాల్లో వేలితో గంట గీశాను. తాతయ్య చాలాసేపు ఆ గాలి వైపే చూశాడు. తరవాత, "కప్పేసెయ్యి. ఆకలి పక్షిని ఇంటి ముందు నిలబెట్టకూడదు" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. పదిహేడేళ్ళలో మొదటిసారి నేను అడ్డంగా ఊపడం చూసి మామ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "సరే. మీ నాన్న ఉన్నన్నాళ్ళు చూద్దాం. వెళ్ళేలోపు దొరక్కపోతే మూసేద్దాం. నేను రోజూ ఆ బొక్క చూస్తా కాఫీ తాగలేను" అన్నాడు తాతయ్య. దానికి నిలువుగా ఊపాను.

అప్పటికే నాన్న పందొమ్మిదిసార్లు దిగి ఉన్నాడు, రేవు మెట్ల నుంచి పది బారలు, కొలిచి కొలిచి, ఆ చుట్టూ అంగుళం వదలకుండా వెతికాడు. పది బారలన్నది తాతయ్యకి ప్రాణం ఉన్నంత నమ్మకం. అది తప్పు కాదు కూడా. తప్పు ఇంకెక్కడో ఉందని నాకు తెలిసింది మామ్మ పెళ్ళి కథ వల్ల. ఆ కథ మామ్మ వందసార్లు చెప్పి ఉంటుంది, ఎవరూ పూర్తిగా వినరు, నేను రాసుకుంటాను కాబట్టి విన్నాను. "పదిహేనేళ్ళు నాకు. పడవ దిగేను. తల ఎత్తితే ఊరంతా నన్నే చూస్తంది. సిగ్గుతో చచ్చిపోయేను. తల ఎత్తలేక నేల చూసుకుంటా, కొబ్బరిచెట్ల మొదళ్ళు లెక్కపెట్టుకుంటా నడిచేను. రేవు నుంచి గుమ్మం దాకా పదకొండు. పదకొండో చెట్టు దాటితే మీ తాతయ్య కాళ్ళు కనపడ్డాయి, ఒక చెప్పు తెగిపోయింది." ఆ సాయంత్రం నేను గుమ్మం నుంచి రేవు మెట్ల దాకా నడిచాను. ఏడు. మళ్ళీ నడిచాను. ఏడే. మిగతా నాలుగు ఎక్కడ. ఏరు తినేసింది. ఎనభై ఆరు వరద కొంత, తరవాత ఏడాదికి ఇంత. గట్టు వెనక్కి జరిగినప్పుడల్లా మెట్లు వెనక్కి కట్టుకున్నారు, రేవు అన్న పేరు కూడా మెట్లతోపాటే వెనక్కి నడిచొచ్చింది. పడవ ఆగేదే రేవు తాతయ్యకి, రోజూ చూసే మనిషి మొహంలో ముసలితనం కనపడనట్టు, ఏరు జరగడం ఎవరికీ కనపడలేదు. నాలుగు వరసలు, వరసకి వరసకీ తొమ్మిది గజాలు. పాత రేవు ఇప్పుడు ఏట్లో ఉంది. పది బారలు అక్కణ్ణుంచి కొలవాలి.

తలెత్తలేని పెళ్ళికూతురు కాబట్టి లెక్కపెట్టింది. ధైర్యంగా నలుగురినీ చూస్తూ నడిచిన పిల్ల అయితే మనకి గంట ఎక్కడుందో ఎప్పటికీ తెలిసేది కాదు. ఇది కూడా డైరీలో రాశాను, రెండు గీతలు గీసి.

నాన్నకి నోటితో చెప్పలేక, లెక్కంతా కాగితం మీద వేసి, బొమ్మతో సహా, నాన్న పాస్‌పోర్టులో పెట్టాను. టిక్కెట్టు కోసం రోజూ తెరుస్తాడు. మర్నాడు పొద్దున్న కాగితం పట్టుకుని పెరట్లోకి వచ్చాడు, గుమ్మం నుంచి మెట్ల దాకా నడిచాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ నడిచాడు. మూడోసారికి మామ్మ, "ఏరా, దిష్టి తీసుకుంటన్నావా చెట్లకి" అంది. అక్కడా నాలుగుసార్లు దిగాడు. బురదలో దారి తెలియలేదు, ఒక్క మొదలు తగిలితే రెండోది తప్పిపోయేది. చివరికి నిన్న నా పక్కన కూర్చుని, "చెట్లు లెక్కపెట్టడం నావల్ల కాదు. లెక్క నీది. నువ్వే దిగు" అన్నాడు.

నాలుగు. గుమ్మం నుంచి లెక్కపెడితే ఇదే పదకొండోది, ఏటి వైపు నుంచి మొదటిది, మామ్మ పడవ దిగి చూసిన మొట్టమొదటి చెట్టు. రెండు చేతులతో పట్టుకున్నాను. ఇంకా మామ్మ కాని పదిహేనేళ్ళ సత్తెమ్మ పాదాలు ఇక్కడ ఆగాయి, వెండి పట్టీలు, బురద, సిగ్గు. నాన్న చేతిలో నాలుగు వేళ్ళు నొక్కాను, నాన్న నా చేతిని గట్టిగా పట్టుకుని వదిలాడు. ఇక్కణ్ణుంచి నేల ఒక్కసారిగా కిందికి పోయింది, చల్లగా అయింది, టీ రంగు కూడా పోయింది. ఇప్పుడు బారలు. రెండు చేతులూ పూర్తిగా చాపి బురద మీద పడుకుని, కుడి చేతివేళ్ళున్న చోటికి ఎడమ చేతివేళ్ళు తెచ్చి, మళ్ళీ చాపి. ఏటిని కౌగిలించుకుంటూ పోతున్నట్టు ఉంది. ఒక బార. రెండు. తాతయ్య బార కంటే నాది ఒక జానెడు తక్కువ, నిన్న గోడ దగ్గర నిలబడి కొలుచుకున్నాం, పదికి పది జానెలు, అంటే పదకొండున్నర నేను వెయ్యాలి. అయిదు. ఆరు. ఏదో చేప బుగ్గని తాకి పోయింది. ఎనిమిది.

జడ కదిలింది. ఇంతసేపూ వీపు మీద బుద్ధిగా ఉన్న జడ ఎడమకి, సముద్రం వైపు, మెల్లగా లేచింది. పాటు మొదలైంది. నాన్న కూడా చూసుకున్నాడు, గడియారం నా మాస్కుకి ఆనించి చూపించాడు, ఆకుపచ్చ అంకెలు, ఇంకా అయిదు నిమిషాలు. తొమ్మిది. తొందరపడకు అన్నట్టు బెల్టు మీద తట్టాడు. పది. ఎడమ వైపుకి నీళ్ళు నెడుతున్నాయి, కాళ్ళతో ఆనుకున్నాను. పదకొండు. పదకొండున్నర. ఏమీ లేదు. బురద. పీల్చాలి, వదలాలి. రేకు ముక్క, శివాజీ గారి నల్లద్దం, సోమవారం. ఏమీ లేదు. చుట్టూ తిరిగాను, ఒక చెయ్యి అక్కడే గుచ్చి ఉంచి, రెండో చెయ్యి చాపి, అమ్మ ముగ్గుకి వృత్తం గీసినట్టు. బురద, బురద, గుల్లలు, బురద. గుల్లలు. వెనక్కి వచ్చాను. గుల్లలు వంపుగా ఉన్నాయి. వరసగా, ఒకే వంపులో, పెద్ద కడవ మూతి మీద అంటుకున్నట్టు. వంపు వెంట వేళ్ళు పోనిచ్చాను, పోయి పోయి మళ్ళీ మొదటికే వచ్చాయి. లోపల చెయ్యి పెట్టాను. ఏదో కదిలింది, పెద్దది, కాళ్ళున్నది, నా చేతి మీదుగా దిగి వెళ్ళిపోయింది, మండపీత, డెక్కలతో, ఇల్లు ఖాళీ చేసి. నేను అరిచాను, నీళ్ళలో అరిస్తే బుడగలే. నాన్న చేతిని పట్టుకుని లాగి ఆ వంపు మీద పెట్టాను.

నాన్న రెండో చెయ్యి కూడా పెట్టాడు, బెల్టు వదిలేసి, నీళ్ళ కింద ఎప్పుడూ చెయ్యని పని, వెంటనే మళ్ళీ పట్టుకున్నాడు. తరవాత నాన్న దగ్గరనుంచి ఒక్కసారిగా బుడగలు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. నాన్న నీళ్ళలో నవ్వుతున్నాడు.

గంట పక్కకి పడుకుని సగం బురదలో ఉంది. పైన తాడు కట్టే చెవి అలాగే ఉంది. నా నడుం ముడి దగ్గర మిగిలిన కొసని చెవిలోంచి దూర్చి నాన్న బిగించాడు, పైకెళ్ళేముందు నా ముడి విప్పితే చాలు, గంటని పైన వాళ్ళు లాగుకుంటారు. గుల్లలు గీకించకూడదు అనుకున్నాను. కొంగ కడుపులో గుల్లలు ఉండక ఇంకేముంటాయి. కట్లలో పడుతుందో లేదో, వంపు రెండు చేతులతో కొలిచాను, పడుతుంది, శివాజీ గారూ కొంచెం ఎడమకండీ, చాలండీ. ఇప్పుడు నాలుగుసార్లు లాగాలి. చెయ్యి తాడు మీదికి వెళ్ళింది, ఆగింది. నాలుగు అంటే దొరికింది అని. అది ఒక కబురు, ఎవరైనా చెప్పచ్చు, కాగితం మీద రాసి చూపించచ్చు. తాతయ్యకి రావాల్సినది అది కాదు. కాలికి కట్టుకున్న కత్తి తీసుకున్నాను, తాడుని ఒక చేత్తో బిగదీసి గంట చెవికి ఆనించి పట్టుకుని, గుల్లలు లేని చోటు చూసి, కత్తి పిడితో కొట్టాను.

చెవులతో విన్నట్టు లేదు. పళ్ళలో మోగింది, మాస్కులో మోగింది, పక్కటెముకల్లో మోగింది, అటునుంచీ ఇటునుంచీ కాదు, నీళ్ళన్నీ కలిసి ఒకేసారి మోగాయి. ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట పడవ అంచుకి తగిలి సగంలో ఆగిపోయిన మోత ఇక్కడే కూర్చుని ఉన్నట్టుంది. చేతిలో తాడు సన్నగా జివ్వుమంది.

పైన ఏమీ లేదు. ఊపిరి. ఇంకో ఊపిరి. తాడు ఒకసారి లాగింది, బాగున్నావా అని, అలవాటుగా. నేను జవాబు లాగలేదు. ఇంకోసారి, కొంచెం గట్టిగా. లాగలేదు. అప్పుడు ఆగింది, తాతయ్య తాడుని అరచేతిలో పరుచుకుని ఉంటాడు, దాని మీద రెండో చెయ్యి కప్పి ఉంటాడు, నాకు కనపడుతోంది. తరవాత తాడు వణికింది. ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు, నాలుగు కాదు, మేం రాసుకున్న జాబితాలో లేనిది, ఆగకుండా, చలేసిన చెయ్యిలాగా, పడవ మీద నుంచి నా నడుము దాకా వణుకుతూనే ఉంది. పడవ అడుగున దబదబమని చప్పుడు, ఎవరో చెక్కల మీద చరుస్తున్నారు, శివాజీ గారో, తాతయ్యో. మాస్కులోకి నీళ్ళొచ్చాయి. నవ్వితే వస్తాయని చెప్పానుగా.

నాన్న గడియారం చూపించి బొటనవేలు పైకెత్తాడు, పైకి అని. ఇంకొక్కటే అన్నాను వేలితో. మొదటి గంట కొట్టి ఊరుకుంటే జనం తలలు దువ్వుకుని అలాగే కూర్చుంటారు. జడ పూర్తిగా సముద్రం వైపు తిరిగిపోయింది. తాడుని బిగించి పట్టుకుని, కత్తి తిప్పి, రెండోది కొట్టాను.